ఒక్క అమ్మాయికి లెక్కల పుస్తకం

మా పని గురించి తెలిసినవాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు ఎందుకో గొంతు తగ్గించేవారు. "ఎంత పుణ్యమండీ" అనేవారు. కంటిచూపు లేని పిల్లలకు పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్రంలో, గుంటూరులో, నా ఉద్యోగమంతా గడిచింది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. పుణ్యం ఎప్పుడు చేసినా పుణ్యమే, దానికి తొందరేం లేదు. పుస్తకం అలా కాదు. పాఠం అయిపోయాక వచ్చిన పుస్తకం ఉత్త బరువు.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, ఉద్యోగం ఎలా ఉంటుంది మేడమ్ అని అడిగారు. టీ ఇచ్చి, ఏవో నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక ఇంట్లో నిలవలేకపోయాను. చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను.

పని వివరించడం తేలికే. అచ్చు పుస్తకంలోని పాఠాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని బ్రెయిలీ చుక్కలుగా మారుస్తుంది. ఎంబాసర్ అనే యంత్రం ఆ చుక్కల్ని దళసరి కాగితం మీద ఉబ్బెత్తుగా పొడుస్తుంది. తర్వాత బ్రెయిలీ వచ్చినవాళ్ళు వేళ్ళతో తడిమి పైకి చదువుతుంటే, చూపున్నవాళ్ళు అచ్చు పుస్తకం పట్టుకుని సరిచూస్తారు. తప్పులు దిద్ది, మళ్ళీ పొడిచి, కుట్టి పంపిస్తారు. చేతిలో ఇమిడే పుస్తకం బ్రెయిలీలోకి వచ్చేసరికి దిండ్లలాంటి సంపుటాలవుతుంది. ఫోన్ చదివి వినిపించే డిజిటల్ పుస్తకాలూ మేమే చేసేవాళ్ళం. వీటిలో ఏ మెట్టు దగ్గర పని ఆగినా పిల్ల ఒళ్ళో పుస్తకం ఉండదు.

ప్రమోషన్లూ ఫైళ్ళూ వదిలేస్తాను. మాధవి అనే అమ్మాయి లెక్కల పుస్తకం సంగతి చెబుతాను. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా దాదాపుగా ఆ ఒక్క విద్యాసంవత్సరంలో నేర్చుకున్నదే.

తండ్రీ కూతురూ

మాధవిది పర్చూరు దగ్గర పల్లెటూరు. తండ్రి కోటేశ్వరరావు మిరప, పత్తి వేసే రైతు. ఆ పిల్లకు చిన్నప్పుడు చూపు బాగానే ఉండేది. హైస్కూలుకు వచ్చేసరికి కంటి లోపలి పొరకు ఏదో జబ్బు చేసి, కొంచెం కొంచెంగా అంతా పోయింది. మా కేంద్రానికి ఆనుకుని ఉన్న ప్రత్యేక పాఠశాలలో చేరి బ్రెయిలీ నేర్చుకుంది. ఆలస్యంగా నేర్చుకున్న పిల్ల కాబట్టి పుట్టుకతో చూపు లేని పిల్లలంత వేగంగా చదవలేకపోయేది. అయినా పదో తరగతి మంచి మార్కులతో పాసయింది.

పదో తరగతి దాకా ఆ పిల్లను నేను వరండాలో చూడటమే తప్ప పెద్దగా మాట్లాడింది లేదు. ఫలితాలు వచ్చాక ఒక పొద్దున తండ్రీ కూతురూ నా గదికి వచ్చారు. ఒంగోలులో పిన్ని ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతుందట. అక్కడి కాలేజీ ప్రిన్సిపల్ అందరికీ చెప్పేదే ఈ పిల్లకీ చెప్పాడు. లెక్కలూ సైన్సూ నీకు కష్టం, ఆర్ట్స్ గ్రూపు తీసుకోమన్నాడు. ఈ పిల్ల ఎంపీసీ తప్ప చేరనంది. చివరికి ఆయన ఒప్పుకున్నాడు గానీ, పుస్తకాల పూచీ మాత్రం తమది కాదన్నాడు.

కోటేశ్వరరావు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అడిగాడు.

"అమ్మా, నాకు పొలం తెలుసుగానీ ఇయ్యన్నీ తెలవవు. మా పిల్లకి ఆ లెక్కల పుస్తకాలు మీరు చేస్తారా, చెయ్యరా? చెయ్యకపోతే ఇప్పుడే చెప్పండి. రేపు మధ్యలో ఆగిపోయి ఏడవటం కంటే ఇయ్యాలే వేరే గ్రూపులో చేర్పిస్తాను."

నేను అమ్మాయి వైపు తిరిగి, లెక్కలే ఎందుకమ్మా అన్నాను.

"ఇష్టం మేడమ్" అంది. "చూపున్నప్పుడు కూడా నాకు బాగా వచ్చింది అదొక్కటే" అంది.

చేస్తామని చెప్పేశాను. ఎవరినీ అడగలేదు. పెద్ద తరగతుల లెక్కల పుస్తకం మా దగ్గర అంతకుముందు ఎప్పుడూ తయారవలేదు. లెక్కలకు బ్రెయిలీలో వేరే గుర్తులుంటాయి. అవి బాగా తెలిసిన మనిషి మా కేంద్రంలో ఒక్కరే, ప్రూఫులు చదివే యోహాను గారు. పుట్టుకతో చూపు లేదు, చరిత్రలో ఎమ్మే చేశారు, ముక్కోపి. నేను మాటిచ్చిన సంగతి చెప్పగానే ఆయన మొహం చిట్లించి, "మీరు మాట ఇచ్చారు, నా వేళ్ళు అప్పు పెట్టారు" అన్నారు.

డైరెక్టరు గారి ప్రశ్న

మా డైరెక్టరు దక్షిణామూర్తి గారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై మా దగ్గరికి వచ్చిన మనిషి. అందరికంటే ముందు ఆఫీసుకొచ్చేవారు. నిజాయితీపరుడు. కాకపోతే ఏ పనినైనా ఎంతమందికి ఉపయోగం అన్న ఒక్క కొలతతోనే చూసేవారు. ఇలాంటి పై అధికారి మీకూ దొరుకుతాడు. అతన్ని చెడ్డవాడు అనుకోకండి. అలా అనుకుంటే మీ వాదన బలహీనపడుతుంది.

ఆయన నన్ను పిలిచి నెమ్మదిగానే అడిగారు.

"లలిత గారూ, పక్క బళ్ళో మూడో తరగతి పిల్లలు గది నిండా ఉన్నారు. వాళ్ళ తెలుగు వాచకం ఈ ఏడు మారింది. ఉన్నది ఒక్క ఎంబాసర్, ప్రూఫులకి ఒక్క యోహాను గారు. ఆ పిల్లల వాచకం ముందా, ఒక్క అమ్మాయి లెక్కలు ముందా? మీరే చెప్పండి, అలాగే చేద్దాం."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ రోజు మాత్రం రెండూ చేద్దామండీ అన్నాను. రెండూ ఆలస్యమవుతాయి, మీ ఇష్టం అన్నారాయన.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. వాచకం పని ఆగకూడదు. లెక్కల పుస్తకం మొత్తం ఒకేసారి కాకుండా ఒక్కో అధ్యాయం చేసి, కాలేజీలో ఆ పాఠం మొదలయ్యేలోపు బస్సు పార్సిల్లో ఒంగోలు పంపించాలి.

ఒప్పందం బాగానే ఉంది. వాచకం అచ్చువేసిన ప్రెస్సు నుంచి కంప్యూటర్ ఫైలు తెప్పించుకుంటే మళ్ళీ టైపు చేసే పని తప్పుతుందనుకున్నాం. ఫైలు వచ్చింది. తెరిస్తే తెర మీద చక్కటి తెలుగే కనబడింది. బ్రెయిలీలోకి మార్చబోతే మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వరసకట్టాయి. అచ్చుపనికి వాడే పాత తరహా ఫాంటు అది. కంటికి 'అమ్మ' అని కనిపించినా కంప్యూటరుకు అది అమ్మ కాదు. ఫోన్లో వినిపించబోయినా అంతే, అర్థంకాని గోల వచ్చింది. ఈనాటికీ ఇలాంటి ఫైళ్ళు వస్తూనే ఉన్నాయని విన్నాను. కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఫైలు అందింది అని పైవాళ్ళకు చెప్పేముందు, తెర వైపు చూడకుండా దాన్ని ఒకసారి చదివించి వినండి.

మొత్తం వాచకాన్ని మొదటి అక్షరం నుంచి టైపు చేయాల్సి వచ్చింది. లెక్కల పుస్తకం ఎలాగూ టైపు చేయాల్సిందే. దక్షిణామూర్తి గారు నా గది ముందు నుంచి వెళ్తూ లోపలికి చూసేవారు. నాకు కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధయ్యేది కాదు. ఎంబాసర్ దగ్గరికి, టైపు చేసే అమ్మాయి దగ్గరికి, మళ్ళీ యోహాను గారి బల్ల దగ్గరికి తిరుగుతూ ఉండేదాన్ని. మీరు ఇలా తిరిగితే చుక్కలు తొందరగా పడవు, వెళ్ళి కూర్చోండి అని ఆయన కసిరేవారు.

"పటం ఇవ్వలేదు"

మొదటి అధ్యాయాలు ఎలాగో వేళకు వెళ్ళాయి. మాత్రికలు దాటి సరళరేఖల పాఠం వెళ్ళిన తర్వాత మాధవి ఫోన్ చేసింది.

"మేడమ్, ఇందులో చాలాచోట్ల 'పటం ఇవ్వలేదు' అని ఉంది. పటం ఇవ్వకపోతే కింద లెక్క ఎట్టా చెయ్యమంటారు?"

అది మా కేంద్రంలో నేను చేరకముందు నుంచీ ఉన్న పద్ధతి. బొమ్మ వచ్చినచోట ఆ రెండు మాటలు రాసి ముందుకెళ్ళడం. కథల పుస్తకంలో కోతి బొమ్మ లేకపోయినా కథ నడుస్తుంది. రేఖాగణితంలో పటం తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. మాధవి ఇంకో మాట కూడా అంది. క్లాసులో లెక్చరర్ బోర్డు మీద గీస్తూ "ఇదిగో ఈ గీత, అదిగో ఆ బిందువు" అంటాడట. పుస్తకంలోనైనా దొరుకుతుందేమోనని ఇంటికొచ్చి తడుముతుందట. నిష్ఠూరంగా అనలేదు. ఇంట్లో నీళ్ళు రావట్లేదు అని చెప్పినట్టు చెప్పింది.

నేను దర్జీలు గుడ్డ మీద గుర్తులు పెట్టుకునే పళ్ళచక్రం ఒకటి కొనుక్కొచ్చాను. దళసరి కాగితం కింద మెత్తటి రబ్బరు పెట్టి, వెనకవైపు నుంచి చక్రం నడిపితే ముందువైపు చుక్కల గీత లేస్తుంది. అక్షాలు, రెండు సరళరేఖలు, అవి ఖండించుకునే బిందువు, కోణాలు, వాటి పేర్లు అన్నీ అచ్చు పుస్తకంలో ఉన్నట్టే దింపాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. గర్వంగా తీసుకెళ్ళి యోహాను గారి ముందు పెట్టాను.

ఆయన రెండు చేతులతో తడిమారు. మళ్ళీ తడిమారు.

"ఇదేంటండీ, చాప అల్లారా?" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆయన నా వేలు పట్టుకుని, కళ్ళు మూసుకోమని, ఆ కాగితం మీద నడిపించారు. అంతా గరుకు. ఏ గీత ఎక్కడ మొదలై ఎటుపోతోందో, ఏది గీతో ఏది అక్షరమో తెలియలేదు. కన్ను మొత్తం బొమ్మను ఒక్కసారి పట్టుకుని, తర్వాత ముక్కలు చేసుకుంటుంది. వేలికి ముందు ముక్కలే దొరుకుతాయి, వాటిని అది ఒక్కొక్కటిగా కూడబెట్టుకోవాలి. అచ్చులోని పటాన్ని అలాగే ఉబ్బెత్తుగా చేస్తే అది చూపున్నవాళ్ళ కోసం చేసిన పటమే అవుతుంది.

అప్పటి నుంచి ఒక్కో పటాన్ని విడదీసి చేశాం. ఒక కాగితం మీద అక్షాలు, ఒక రేఖ. తర్వాతి కాగితం మీద రెండో రేఖ కలిపి. గీతలు ఒకదానికొకటి ఎడంగా, అక్షరాలు పక్కకు జరిపి. ప్రతి పటం ముందు అందులో ఏముందో రెండు మూడు వాక్యాల్లో రాశాం. ఆ వాక్యాలు రాయడం పటం గీయడం కంటే కష్టమైంది నాకు. ఏది ముఖ్యమో తెలియకుండా పటాన్ని మాటల్లో చెప్పలేం. అది తెలుసుకోవడానికి నేను ఇంటర్ లెక్కలు మళ్ళీ చదువుకున్నాను. తెలుగు ఎమ్మే చేసినదాన్ని, ఆ వయసులో ట్యూషన్ మాస్టారి దగ్గర కూర్చున్నాను.

పటాలు బాగా వచ్చాయి. మాధవి సంతోషించింది. కానీ ఒక్కో పటానికి పట్టే సమయమంతా యోహాను గారి చేతుల్లోంచే పోయేది. వాచకం ప్రూఫులు ఆయన బల్ల మీద పేరుకుపోయాయి. దక్షిణామూర్తి గారు చెప్పినట్టే జరుగుతోంది. ఆయన పక్క నుంచి వెళ్తుంటే నేను తల ఎత్తేదాన్ని కాదు.

దసరా సెలవులు

దసరా సెలవులకు ఊరెళ్తూ మాధవి గుంటూరులో దిగింది. తర్వాతి అధ్యాయం తనే తీసుకెళ్దామని వచ్చింది. చిన్నపిల్లలకింకా సెలవులివ్వలేదు. పక్క బళ్ళోంచి తరగతి చప్పుడు వినిపిస్తోంది. నేను పార్సిల్ కడుతుంటే ఆ పిల్ల వరండాలోకి వెళ్ళి, మూడో తరగతి గది ముందు చాలాసేపు నిలబడింది.

ఆ గదిలో కొత్త వాచకం పిల్లలందరికీ ఇంకా లేదు. ప్రూఫు కోసం తీసిన మొదటి పాఠాల ప్రతి ఒక్కటుంటే టీచరు అడిగి తీసుకెళ్ళింది. దాన్ని నేల మీద పెట్టి, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకేసారి చేతులు వేసి చదువుతున్నారు. ఒకరి వేళ్ళ మీద ఒకరి వేళ్ళు పడి, నువ్వు తియ్యి అంటే నువ్వు తియ్యి అని పోట్లాడుకుంటున్నారు. మిగతావాళ్ళు వంతు కోసం కూర్చున్నారు.

మాధవి తిరిగొచ్చి నేరుగా యోహాను గారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, చిన్నపిల్లల పుస్తకం ఎందుకు రాలేదు?"

ఆయనకు మాట దాచడం చేతకాదు. "నీ లెక్కలు చదువుతున్నాను కదమ్మా" అన్నారు.

నేను అడ్డుపడి ఏదో సర్దిచెప్పబోయాను. ప్రెస్సువాళ్ళ ఫైలు అన్నాను, ఫాంటు అన్నాను. మాధవి విన్నది. పార్సిల్ నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టేసింది.

"నాకు బ్రెయిలీ వచ్చుగా మేడమ్. నేను చదివితే ప్రూఫు కాదా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ఆలోచన నాకు తట్టలేదు. మా పుస్తకాలు చదివే పిల్లలు మా కళ్ళముందే పెరిగి పెద్దవాళ్ళై వెళ్ళిపోతూ ఉండేవారు. వాళ్ళకు పుస్తకం ఇవ్వాలనే అనుకున్నాం తప్ప, పుస్తకం పనిలో కూర్చోమని అడగలేదు. పుణ్యం అనే మాట మీద నాకెందుకు కోపమో ఆ రోజు నాకే బాగా తెలిసింది. ఆ మాట వింటూ వింటూ ఉంటే అవతలివాళ్ళు పుచ్చుకోవడానికే ఉన్నారని మనకూ అలవాటైపోతుంది.

దక్షిణామూర్తి గారు ముందు ఒప్పుకోలేదు. చదువుకునే పిల్ల చేత పని చేయించడమేమిటన్నారు. ఆయన అభ్యంతరంలోనూ న్యాయముంది. మాధవి తండ్రికి ఫోన్ చేసి అడిగాం. కోటేశ్వరరావు అవతల నుంచి గట్టిగా, అది అనుకున్నాక మనం ఆపేదేముందండీ, నాలుగు రోజులు మీ దగ్గరే ఉంచుకుని అన్నం పెట్టండి చాలు అన్నాడు. మాధవి తనతో పదో తరగతి పాసైన స్నేహితురాళ్ళు ఇద్దరికి ఫోన్ చేసింది. వాళ్ళూ వచ్చారు. మా ఇంట్లోనే పడుకున్నారు.

ఏదో అద్భుతం జరిగిందని అనుకోకండి. మాధవి చదవడం నెమ్మది. మొదటి రోజు వదిలేసిన తప్పులు చూసి యోహాను గారు కేకలేశారు. ఒత్తులు చూసుకోవడం లేదు, వాక్యం అర్థమైపోయాక మిగతా అక్షరాలు ఊహించేస్తున్నారు అన్నారు. ప్రూఫు చదివేవాళ్ళకు అర్థం అడ్డు, అక్షరమే చదవాలి అని ఆయన ముగ్గురినీ కూర్చోబెట్టి నేర్పించారు. మూడో రోజుకు వాళ్ళు దారిలో పడ్డారు. ఒకమ్మాయి పైకి చదువుతుంటే నేను అచ్చు పుస్తకం పట్టుకునేదాన్ని. ఇంకో బల్ల దగ్గర దక్షిణామూర్తి గారు స్వయంగా కూర్చున్నారు. బ్యాంకులో ఎప్పుడో అంకెలు సరిచూసిన అలవాటు ఆయనకు పనికొచ్చింది.

సెలవులు అయ్యేసరికి వాచకం పూర్తయింది. బళ్ళు తెరిచిన వారంలో మూడో తరగతి పిల్లలకు తలా ఒకటి అందింది. అప్పటికే జూన్ నుంచి నెలలు గడిచిపోయాయి. ఆ నెలలు వాళ్ళకు తిరిగిరావు. ఆ సంగతి నేను ఎంత చెప్పుకున్నా తీరదు. కానీ ఆ తర్వాత పాత విద్యార్థులు సెలవుల్లో వచ్చి ప్రూఫులు చూడటం మా కేంద్రంలో పద్ధతిగా మారింది, దానికి కొంత ప్రతిఫలం కూడా ఇచ్చేవాళ్ళం. మీటింగుల్లో దక్షిణామూర్తి గారు అది తన ఆలోచనే అన్నట్టు చెప్పేవారు. నేను దిద్దలేదు. ఆలోచన నిలబడాలంటే దాన్ని పై అధికారిదని అనుకోనివ్వడం మంచిది.

వేళ్ళు మండిన వారం

పరీక్షలకు ముందు ఇంకో దెబ్బ తగిలింది. మిరపకాయల కోతల కాలం. మాధవి ఏదో పెళ్ళికని ఊరెళ్ళింది. ఇంట్లో ఆడవాళ్ళంతా కళ్ళం దగ్గర కూర్చుని కాయల తొడిమలు తీస్తుంటే, ఊరికే కూర్చోలేక తనూ కూర్చుంది. చూపుతో పనిలేని పని అది, చిన్నప్పటి నుంచి అలవాటే. రెండు రోజులు తీసింది. మూడో రోజు పుస్తకం తెరిస్తే వేళ్ళు భగభగ మండుతున్నాయి. చుక్కల మీద పెడితే మంట తప్ప ఏమీ తెలియడం లేదు.

ఆ పిల్ల గొంతులో భయం నేను విన్నది అప్పుడొక్కసారే. "నాకు అక్షరాలు తగలట్లేదు మేడమ్" అంది.

మా గుంటూరు వాళ్ళకు మిరపకాయ పట్టుకున్న చేత్తో కన్ను నలుపుకోకూడదని పుట్టుకతో తెలుసు. వేళ్ళే కళ్ళయినవాళ్ళ సంగతి ఎవరమూ అనుకోలేదు. నేను కోటేశ్వరరావుకు ఫోన్ చేశాను. కొంచెం గట్టిగానే మాట్లాడాను.

"నేనే కూర్చోమన్నానమ్మా" అన్నాడు. "నలుగురిలో కూర్చుని పని చేస్తంటే, పిల్ల బాగానే ఉంది గదా అనిపించింది."

నేను ఫోన్ పెట్టేశాను.

ఆ వారం ఫోన్లో వినే పుస్తకం మీద ఆధారపడ్డాం. ఫిజిక్సు సిద్ధాంతం, తెలుగు, ఇంగ్లీషు అలా విని చదువుకుంది. ఈ రోజుల్లో చాలామంది, ఫోన్ అంతా చదివి వినిపిస్తుంటే బ్రెయిలీ ఎందుకండీ అంటారు. వాళ్ళకు నేను ఒకే లెక్క చెబుతాను. "ఏ బై బి ప్లస్ సి" అని ఫోన్ చదువుతుంది. ఆ సి భిన్నం కింద ఉందా, పక్కన ఉందా? వినేవాళ్ళకు తెలియదు. కింద ఉంటే ఒక జవాబు, పక్కన ఉంటే ఇంకొకటి. కథ వినొచ్చు, చరిత్ర వినొచ్చు. లెక్కను మాత్రం వెనక్కీ ముందుకీ తడుముకోవాలి. రెండూ ఉండాలి. ఒకటుంది కదా అని రెండోది ఆపేసేవాళ్ళు మీకు తారసపడతారు, వాళ్ళతో మాత్రం మర్యాదగానే ఐనా గట్టిగా పోట్లాడండి.

వేళ్ళు తేరుకున్నాయి. పరీక్షలు రాసింది. తను చెబుతుంటే రాసిపెట్టే సహాయకురాలికి భిన్నాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో కూడా చెప్పి రాయించిందట. పాసయింది. జిల్లాలో ఫస్టు రాలేదు, పేపర్లో ఫోటో పడలేదు. లెక్కల్లో మంచి మార్కులు, ఫిజిక్సులో అత్తెసరు. రెండో ఏడు కూడా అలాగే లాగి, లెక్కలతోనే డిగ్రీలో చేరింది.

దక్షిణామూర్తి గారి ప్రశ్నకు నేను చెప్పలేకపోయిన జవాబులో ఒక ముక్క మాత్రం తర్వాత తెలిసింది. మరుసటి ఏడు విజయవాడ వైపు నుంచి ఒకబ్బాయి, ఆ తర్వాత ఇంకొందరు అవే లెక్కల పుస్తకాలు అడిగారు. ఫైళ్ళు సిద్ధంగా ఉన్నాయి, పొడిచి పంపించాం. ఒక్కరి కోసం చేసిన పుస్తకం ఒక్కరి దగ్గరే ఆగదు. కానీ ఈ మాట చెప్పుకుని హాయిగా ఉందామంటే, కొన్నేళ్ళకు సిలబస్ మారింది. ఆ పటాలన్నీ పాతబడ్డాయి. మళ్ళీ మొదటి నుంచి. ఈ ఉద్యోగంలో పూర్తయింది అనే మాట ఉండదు. అది భరించలేనివాళ్ళు ఇందులోకి రాకండి.

ఒంగోలు బస్టాండులో

పోయిన నెల సింగరాయకొండలో గుడికి వెళ్ళి తిరిగొస్తూ ఒంగోలులో బస్సు మారడానికి దిగాను. మాధవికి ముందే ఫోన్ చేశాను. తెల్లకర్ర చేత్తో పట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వచ్చింది. ఇప్పుడు చూపులేని విద్యార్థులకు డిజిటల్ పుస్తకాలు సమకూర్చే ఒక సంస్థలో పనిచేస్తోంది. పుస్తకాలు అచ్చయ్యే చోటు నుంచి ఫైళ్ళు రాబట్టడం, అవి చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో పరీక్షించడం తన పని.

బెంచీ మీద కూర్చుని టీ తాగాం. తండ్రి బాగున్నాడంది, ఈ ఏడు పత్తి తగ్గించి మిరప పెంచాడంది. యోహాను గారు ఫోన్ చేసి ఇప్పటికీ తప్పులు చెబుతారంది. ఉద్యోగం ఇష్టంగా ఉందా అని అడిగాను. పెద్దవాళ్ళు అడిగే మామూలు ప్రశ్న.

"ఇష్టమని చెప్పలేను మేడమ్" అంది. "ఎక్కడో ఎవరో పిల్ల పుస్తకం లేకుండా క్లాసులో కూర్చుందని తెలుస్తానే ఉంటది. నిద్ర పట్టదు. పొద్దున్నే లేచి మళ్ళీ ఫోన్లు చేస్తా."

ఆ పరిస్థితికి మందు నాకే తెలియదు.

ఇంతలో గుంటూరు బస్సు వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే తనకు ఫోన్ వచ్చింది. నాకు సైగ చేసి మాట్లాడసాగింది. అవతల ఎవరో పెద్ద అధికారి. కొత్త సైన్సు పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయిందని, ఫైలు సంగతి తర్వాత చూద్దామని అంటున్నట్టున్నాడు. మాధవి గొంతు పెంచలేదు.

"తర్వాత అంటే ఎప్పుడండీ? తేదీ చెప్పండి." అవతల ఏదో పొడుగ్గా వివరణ. ఆ పిల్ల ఓపికగా విన్నది. "అట్టాగే సార్. అయితే రేపు పొద్దున నేనే మీ ఆఫీసుకొస్తా. మీ ఫైలు మీ ఎదురుగా చదివించి వినిపిస్తా. ఎంతసేపైనా కూర్చుంటా. నాకు వేరే పనేం లేదు, ఇదే పని."

కండక్టరు నన్ను చూసి ఎక్కుతారా లేదా అని అరిచాడు. బస్సు కదిలింది. నేను లేవలేదు. ఆ అధికారి ఏ తేదీ చెబుతాడో విని వెళ్దామని అక్కడే కూర్చున్నాను.